నాలుగో వంతు పిచ్చి

మా ఊళ్లో కుక్కలకు పిచ్చెక్కడం కొత్తేమీ కాదు. ఆఫీసులకు సంభావ్యత ఎక్కడం మాత్రం ఈ ఏడాదే మొదలు. రాజధానిలో ఎవరో పెద్ద అధికారి ఏదో శిక్షణకు వెళ్లి, ప్రపంచంలో ఏదీ కచ్చితం కాదనీ, ప్రతిదానికీ ఇంత సంభావ్యత అని ఒకటి ఉంటుందనీ తెలుసుకుని వచ్చారట. తనకు తెలిసిన సంగతి రాష్ట్రమంతటికీ తెలియకుండా ఎలా ఊరుకుంటారు? నెల తిరక్కుండా ప్రతి కార్యాలయం గోడ మీదా "ఊహ వద్దు, సంభావ్యత ముద్దు" అనే బోర్డు వేలాడింది. మునిసిపాలిటీ వాళ్లు కుళాయి నీళ్ల వేళలు రాసిన పలక పీకేసి, "నీరు వచ్చు సంభావ్యత: సున్నా పాయింట్ నాలుగు" అని రాసిన పలక పాతారు. నీళ్లు ఎప్పటిలాగే వచ్చేవి, అంటే వచ్చేవి కావు. కాకపోతే ఇప్పుడు రాకపోవడానికి శాస్త్రీయమైన కారణం ఉంది కనక జనం తిట్టడానికి మొహమాటపడేవారు.

నేను ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆ సబ్జెక్టు మేస్టారంటే జనాభా లెక్కలకు ఇంటింటికీ తిరిగేవాడని అనుకునే ఊరు మాది. ఏళ్ల తరబడి నన్ను పట్టించుకున్నవాడు లేడు. అలాంటిది ఒక్కసారిగా నాకు గిరాకీ పెరిగింది. రిజిస్ట్రారు ఆఫీసు మొదలుకొని కోళ్ల ఫారాల సంఘం దాకా ఒకరి తర్వాత ఒకరు పిలిచి, శాలువా కప్పి, సంభావ్యత మీద నాలుగు ముక్కలు చెప్పమనేవారు. చెప్పేవాణ్ణి. అబద్ధమెందుకు, సరదాగానే చెప్పేవాణ్ణి. మా ఇంట్లో శాలువాలు పెట్టడానికి బీరువా చాలక మా ఆవిడ విసుక్కునేది.

ఆ వరసలోనే ఒకరోజు ప్రభుత్వాస్పత్రి నుంచి పిలుపు వచ్చింది. అక్కడి పరిపాలనాధికారి చిదంబరరావు గారు. ఆయన డాక్టరు కాదు. డాక్టర్లు వస్తూ పోతూ ఉంటారు కనక ఆస్పత్రిని నిజంగా నడిపేది ఆయనే. మందుల ఫ్రిజ్ తాళంచెవి ఆయన బెల్టుకు వేలాడుతూ, ఆయన నడిచినప్పుడల్లా మోగుతూ ఉంటుంది.

జరిగిందేమిటంటే, కుక్కకాటు సూదిమందు గురించి రాజధాని నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తర్వు వచ్చింది. మందు కొరతగా ఉంది, మీ ప్రాంతంలో కరిచిన కుక్కకు పిచ్చి ఉండే సంభావ్యత ఒకటి బై నాలుగు, కాస్త చూసి వాడండి అని దాని సారాంశం. ఆస్పత్రి హెడ్ క్లర్కు దాన్ని శ్రద్ధగా తెలుగు చేశాడు. "కరచిన కుక్కకు పిచ్చి ఉండు సంభావ్యత నాలుగో వంతు. దీనిని దృష్టిలో ఉంచుకొని సూదిమందు వినియోగించవలెను." ఇందులో వేలెత్తి చూపడానికేమీ లేదు. బళ్లో లెక్కల పుస్తకంలోనూ అలాగే ఉంటుంది.

కానీ చిదంబరరావు గారు లెక్కల పుస్తకం మూసి చాలాకాలమైంది. ఆయన రోజూ వినే వంతు వేరు. రేషన్ లైన్లో నీ వంతు, రాత్రి డ్యూటీలో నా వంతు, సెలవు పెట్టడంలో వాడి వంతు. కాబట్టి నాలుగో వంతు అంటే ఆయనకు నాలుగో మనిషి వంతు అనే అర్థమైంది. కుక్క కరిచి వచ్చినవాళ్లలో మొదటి ముగ్గురినీ కరిచింది మంచి కుక్క, నాలుగోవాణ్ణి కరిచింది పిచ్చికుక్క. నాలుగోవాడికి సూది వేసి, మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాలి. దీన్ని సిబ్బందికి శాస్త్రీయంగా వివరించడానికి నన్ను పిలిచారు.

ఇదేమిటండీ అని నేను నెత్తి బాదుకోలేదు. క్లాసులో ఇంతకన్నా ఘోరమైనవి విని ఉన్నాను. మర్యాదగా ఒక గుడ్డసంచీ తెప్పించి, అందులో మూడు తెల్ల గోళీలు, ఒక ఎర్ర గోళీ వేశాను. ఒకటి తీసి, రంగు చూపించి, మళ్లీ సంచీలో పడేశాను. మళ్లీ తియ్యబోతుంటే చిదంబరరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"తీసిన వస్తువును మళ్లీ స్టాకులో కలపడమేమిటండీ? ఒకసారి ఇష్యూ అయిన సామాను తిరిగి లోపలికి పోరాదు. ఆడిట్ అభ్యంతరం వస్తుంది."

తీసిన గోళీ తిరిగి వెయ్యకపోతే లెక్క మారిపోతుందని చెప్పాను. ఊళ్లో ఒక కుక్కకు పిచ్చి లేనంత మాత్రాన ఆ పిచ్చి రెండో కుక్క కోసం దాచిపెట్టి ఉండదనీ, ఏ కుక్క తలరాత దానిదేననీ చెప్పాను. ముగ్గురిని వరసగా మంచి కుక్కలు కరిచినా నాలుగోదానికి ఆ సంగతి తెలియదని కూడా చెప్పాను. ఆయన వింటూనే సంచీలో చెయ్యి పెట్టి ఒక్కొక్క గోళీ తీసి బల్ల మీద పేర్చారు. తెల్లది, తెల్లది, తెల్లది. ఇంక సంచీలో మిగిలిందేమిటో మీరే చెప్పగలరు. ఎర్ర గోళీ పైకెత్తి చూపించగానే సిబ్బందంతా చప్పట్లు కొట్టారు.

ఇలా లాభం లేదని బోర్డు దగ్గరికి వెళ్లాను. నాలుగు కాట్లు తీసుకుందాం, ఒక్కో కాటుకు వేరే కుక్క అనుకుందాం, మొత్తం రెండు వందల యాభై ఆరు పాళ్లు అనుకుంటే నలుగురిలో ఒక్కరికీ పిచ్చికుక్క తగలకపోవడానికి ఎనభై ఒక్క పాళ్లు, ఒక్కరికే తగలడానికి నూట ఎనిమిది, ఇద్దరికి యాభై నాలుగు, ముగ్గురికి పన్నెండు, నలుగురికీ తగలడానికి ఒక పాలు అని వరసగా రాశాను. ఒక్కరికీ అవసరం ఉండకపోవచ్చు, ఇద్దరికీ ముగ్గురికీ ఉండవచ్చు, ముందే తెలియదు కాబట్టే అందరికీ వెయ్యాలి అన్నాను. నా మటుకు నాకు చాలా బాగా చెప్పాననిపించింది.

"ఇందులో అన్నిటికన్నా పెద్ద అంకె ఏది?" అని అడిగారు చిదంబరరావు గారు.

నూట ఎనిమిది అన్నాను. అది ఎందరిని పిచ్చికుక్క కరిచిన లెక్క అన్నారు. ఒకరిని అన్నాను. "మేమూ ఒకరనే అంటున్నాం కదా మేస్టారూ" అని లేచి నాకు శాలువా కప్పారు. మర్నాడు ఆస్పత్రి గోడలన్నిటి మీదా అతికించిన నిబంధనల కింద "నిపుణుల ఆమోదంతో" అని నా పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

ఇంక అక్కణ్ణుంచి మా ఊరి వైభవం చెప్పనలవి కాదు. మొదటి ముగ్గురికీ సూది లేదు, దాని బదులు "పిచ్చి లేని కుక్క కాటు ధ్రువపత్రం" అని గుండ్రటి ముద్రతో కాగితం ఇచ్చేవారు. ఆ కాగితం సంగతి కంప్యూటర్లో అన్ని ఆస్పత్రులకూ తెలుస్తుంది. అది ఉన్నవాడికి జిల్లా ఆస్పత్రిలో కూడా సూది వెయ్యకూడదు. మందుల షాపుల్లో ఆ మందు అమ్మకూడదని అంతకుముందే ఉత్తర్వుంది. కాబట్టి కుక్క కరిచినవాడు పరిగెత్తుకుంటూ ఆస్పత్రికి రావడం మానేశాడు. ఎదురుగా ఉన్న టీ కొట్లో కూర్చుని, లోపలికి ఎందరు వెళ్లారో లెక్కపెట్టుకునేవాడు. తమరు పెద్దవారు, ముందు తమరు దయచెయ్యండి అని ఒకరినొకరు బతిమాలుకునేవారు. కాలి పిక్క నుంచి నెత్తురు కారుతుండగా అంత మర్యాదగా మాట్లాడుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

కలిగినవాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. ఎప్పటివో పాత కాటు మచ్చలున్న మనుషుల్ని ముగ్గుర్ని వెతికి ముందు పంపించేవారు. సన్యాసిరావు అనే రిక్షా ఆయన ఒంటి మీద మచ్చలు ఎన్నున్నాయో అన్ని కుటుంబాలకు ఆయన ఆప్తుడైపోయాడు. ఇది తెలిసి చిదంబరరావు గారు మండిపడ్డారు. వచ్చిన వరస చెల్లదు, కరిచిన వరసే చెల్లుతుంది అని సవరణ చేశారు. ఎవరిని ఎప్పుడు కరిచిందో శానిటరీ ఇన్‌స్పెక్టరు వీధిలోకి వెళ్లి సాక్షుల్ని విచారించి తేల్చేవాడు.

రిటైర్డ్ తహసిల్దారు వీరభద్రయ్య గారి సంగతి మరీ అన్యాయం. ఆయన పెంచుకుంటున్న పిల్లకుక్కకు పళ్లు వస్తున్నాయి. ఆడుతూ ఆడుతూ ఆయన కాలి బొటనవేలు గీరింది. టించరు రాయించుకుందామని ఆస్పత్రికి వచ్చారు. ఆ రోజు ఆయనది నాలుగో కాటు. అది గడప దాటని కుక్క బాబూ, బిస్కెట్లు తిని బతుకుతుంది అని ఆయన మొత్తుకుంటుంటే ఇద్దరు వార్డుబాయిలు పట్టుకుని సూది పొడిచారు. సాయంత్రానికి మునిసిపాలిటీ బండి వచ్చి ఆ కుక్కపిల్లను కూడా తీసుకుపోయింది. "మీ కుక్క మంచిదే కావచ్చు. కాటు మాత్రం నాలుగోది" అన్నారు చిదంబరరావు గారు, ఎంతో సానుభూతిగా.

ఇదంతా చెప్పుకుని కాలేజీ స్టాఫ్ రూములో కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం. నన్ను కుక్క కరిచేదాకా నేనూ నవ్వాను.

మా వీధి మొదట్లో గవరమ్మ ఇస్త్రీ బండి ఉంటుంది. ఆమె కూతురు నీలవేణి రెండో తరగతి. బడి వేళ అయ్యేదాకా ఆ పిల్ల బండి పక్కనే కూర్చుని పలక మీద ఏదో ఒకటి గీస్తుంటుంది. ఒక పొద్దున పాలు పోసే అప్పలనాయుడు అక్కడ సైకిలు ఆపి క్యాను దింపుతుంటే, నోట చొంగ కార్చుకుంటూ, తూలుకుంటూ ఒక నల్లకుక్క వచ్చి ఆయన చెయ్యి పట్టేసింది. గవరమ్మ అదిలించబోతే ఆమె మోచెయ్యి కరిచింది. ఆమె తేరుకునేలోగా పక్కనుంచి దూరి పిల్ల మీద పడింది. చెంప మీద. నేను కాలేజీకి వెళుతున్నవాణ్ణి గొడుగు పట్టుకుని పరిగెత్తాను. గొడుగును వదిలేసి అది నా పిక్క పట్టుకుంది. తర్వాత ఏమీ ఎరగనట్టు కాలవ గట్టు మీదుగా వెళ్లిపోయింది.

వీధి కుళాయిలో అదృష్టవశాత్తూ సంభావ్యత బాగుండి నీళ్లు వస్తున్నాయి. గాయాలు సబ్బుతో కడుక్కుని నలుగురం ఒకే ఆటోలో ఆస్పత్రికి వెళ్లాం. పిల్ల ఏడవడం లేదు. చెంపకు తువ్వాలు అదుముకుని తల్లి వైపే చూస్తోంది. అది చూస్తే నాకు నిజంగా భయం వేసింది. పిచ్చికుక్క విషం మెదడుకు పాకుతుందనీ, మొహం మీద కాటైతే దానికి దారి దగ్గరనీ, ఒకసారి జబ్బు బయటపడితే మందు లేదనీ ఆ దారంతా గుర్తొస్తూనే ఉంది.

శానిటరీ ఇన్‌స్పెక్టరు విచారించి వరస తేల్చాడు. అంతకుముందు లెక్క ముందురోజుతోనే ముగిసింది కనక మాతో కొత్త లెక్క మొదలు. అప్పలనాయుడు ఒకటి, గవరమ్మ రెండు, నీలవేణి మూడు, నేను నాలుగు. చిదంబరరావు గారు లేచి వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "కుక్క ఒక్కటే సార్. నాణెం ఒకసారి ఎగరేసి నాలుగుసార్లు ఫలితం చెప్పకూడదు. దానికి పిచ్చి ఉంటే నలుగురికీ ఉన్నట్టే, లేకపోతే నలుగురికీ లేనట్టే" అన్నాను.

"మీరు కుక్క కోణం నుంచి చూస్తున్నారు మేస్టారూ" అన్నారాయన. "మేము లబ్ధిదారుల కోణం నుంచి చూడవలసి ఉంటుంది."

పోనీ నా సూది ఆ పిల్లకు వెయ్యమన్నాను. సంభావ్యత వ్యక్తిగతమైనదనీ, ఒకరి నుంచి ఇంకొకరికి బదలాయించడానికి నిబంధనలు ఒప్పుకోవనీ చెప్పారు. పై అధికారులకు రాసుకోవచ్చట, తదుపరి సమీక్షా సమావేశంలో పరిశీలిస్తారట. వార్డుబాయిలు వచ్చి నన్ను చెరో పక్కా పట్టుకున్నారు. గట్టిగా పట్టుకోవలసిన అవసరం వాళ్లకు రాలేదని ఒప్పుకుంటాను. నా ప్రాణం నాకూ తీపే. సూది దిగుతున్నంతసేపూ ఆ పిల్ల చెంప వైపు చూడలేకపోయాను. మిగిలిన ముగ్గురికీ గుండ్రటి ముద్రతో కాగితాలు ఇచ్చారు. గవరమ్మ ఆ పూటే పిల్లను తీసుకుని జిల్లా ఆస్పత్రికి బస్సెక్కింది. కంప్యూటరు చూసి, మీ అమ్మాయిని కరిచింది మంచి కుక్క అని వాళ్లూ తిప్పి పంపేశారు.

ఆ సాయంత్రమే నల్లకుక్క కాలవ గట్టున చచ్చిపడి ఉంది. పశువైద్యశాల వాళ్లు దాన్ని పరీక్షకు పంపి, మర్నాటికల్లా పిచ్చి నిజమేనని కబురు పంపారు. ఆ మాట వినగానే నాకు భయంతోపాటు కాస్త ఊరట కూడా కలిగింది. ఇంక ఆ మహానుభావుడు ఏ లెక్కా చెప్పలేడు కదా అనుకుని గవరమ్మనూ, పిల్లనూ, అప్పలనాయుణ్ణీ వెంటబెట్టుకుని వెళ్లాను.

వెళ్లేసరికి ఆస్పత్రిలో లడ్డూలు పంచుతున్నారు. చిదంబరరావు గారు నాకు రెండు పెట్టారు. "నాలుగో కాటు పిచ్చికుక్కదని మనం నిన్ననే చెప్పాం. ప్రయోగశాలవారు ఇవాళ ఒప్పుకున్నారు. మన అంచనా నూటికి నూరుపాళ్లు ఫలించింది" అన్నారు. మరి అదే కుక్క కరిచిన మిగిలిన ముగ్గురి మాటేమిటని అడిగాను. ఆయన జాలిగా నవ్వారు.

"కుక్క ఒకటే అన్నది మీరే కదా. ఒక కుక్కకు ఉండేది ఒకటే పిచ్చి. అందులో నాలుగో వంతు మీకు వచ్చింది. అది పోగా మొదటి మూడు వంతులూ మంచివే."

ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ణి, ఈసారి లెక్క వదిలేసి డాక్టరు ఏరని అడిగాను. ఆ వారానికి రావలసిన డాక్టరు ఇంకా రాలేదు. నర్సు మాత్రం ఫ్రిజ్ వైపు చూసి, తాళంచెవి వైపు చూసి తల దించుకుంది.

గవరమ్మ ముందుకొచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"బాబూ, నాకొద్దు, నాయుడికొద్దు. మా గుంటకి ఒక్క సూదెయ్యండి. దానికి మొకం మీద కరిసినాది."

మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. చిదంబరరావు గారు ఆమెకు చాలా ఓపికగా, పై అధికారుల ఆదేశానుసారం, ప్రస్తుత నిబంధనలకు లోబడి, మూడో క్రమసంఖ్యకు అర్హత లేదని వివరించారు. ఆమెకు బాగా అర్థం కావాలని గోడ మీది నిబంధనల వైపు చెయ్యి చాపి, నాలుగో వంతు అన్నచోట వేలు పెట్టి చూపించారు.

గవరమ్మ పిల్ల చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. చాపిన ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని, మణికట్టు పైన పళ్లు దిగేలా కరిచింది.

లడ్డూ పళ్లెం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆమె మూతి తుడుచుకుని, కోపం కూడా లేకుండా అడిగింది.

"కరిసినాను బాబూ. ఇప్పుడు సెప్పండి. నన్ను కరిసింది మంచి కుక్కా, పిచ్చి కుక్కా?"

చిదంబరరావు గారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. మంచి కుక్క అంటే ఆయనకు సూది దక్కదు. పిచ్చికుక్క అంటే ఆమెకు నిన్ననే వెయ్యాల్సింది. జబ్బు పైకి రాని మనిషి కరిస్తే ఏమీ కాదని ఏ డాక్టరైనా ఆయనకు చెప్పి ఉండేవాడు. డాక్టరు లేడు. ఆయన చేతి మీద ఎర్రగా వరస కట్టిన పంటిగాట్ల వైపు చూసుకుని, నా దగ్గరకు జరిగి గొంతు తగ్గించారు.

"మేస్టారూ, ఈవిడ కాటుకు సంభావ్యత ఎంత వస్తుందంటారు?"

"ఎవరి కాటైనా నాలుగో వంతే సార్" అన్నాను. "మీకు సూది రావాలంటే ముందు ఆవిడ ఇంకో ముగ్గుర్ని కరవాలి."

ఈ మాట కాస్త గట్టిగానే అన్నాను. హెడ్ క్లర్కు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, వార్డుబాయిలు ఇద్దరూ గుమ్మం అవతలికి వెళ్లిపోయారు. గదిలో ఆయనా, నర్సూ, మేమూ మిగిలాం. గవరమ్మ కదలకుండా నిలబడి ఉంది.

ఆయన బెల్టు నుంచి తాళంచెవి ఊడదీసి నర్సు చేతిలో పెట్టారు. నర్సు పరుగున వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. చొక్కా చెయ్యి మడుచుకుంటూ ఆయన స్టూలు మీద కూర్చోబోయారు. గవరమ్మ ఆ స్టూలును తన వైపు లాక్కుని పిల్లను కూర్చోబెట్టింది.

"లైన్లో రండి బాబూ" అంది.

నీలవేణి కళ్లు గట్టిగా మూసుకుంది. సూది దిగినప్పుడు మొదటిసారి ఏడ్చింది, ఆ ఏడుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది. దాని తర్వాత గవరమ్మ కూర్చుంది. ఆమె వెనక అప్పలనాయుడు నిలబడ్డాడు. అప్పలనాయుడి వెనక చిదంబరరావు గారు, కరిచిన చెయ్యి పట్టుకుని, నాలుగోవాడికి మందు మిగులుతుందా లేదా అని నర్సును పదే పదే అడుగుతున్నారు.